డిజిటల్ మార్కెటింగ్‌లో అనుభవజ్ఞుల దగ్గర ఏమి నేర్చుకోవాలి, ఎలా అడగాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను బీకాం పూర్తి చేసి, అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థలో 3 నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేశాను. గూగుల్ శిక్షణ వెబ్‌సైట్ స్కిల్‌షాప్‌లో సెర్చ్ యాడ్స్ (గూగుల్‌లో వెతికినప్పుడు కనబడే ప్రకటనలు) సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాను. అయితే ఆ సంస్థలో అనలిటిక్స్ పాఠాలన్నీ పాత యూనివర్సల్ అనలిటిక్స్ (వెబ్‌సైట్‌కు వచ్చేవారి లెక్కలు చూపే గూగుల్ సాధనం) స్క్రీన్‌షాట్లతోనే చెప్పారు. 2023 జూలై 1 నుంచి అది కొత్త డేటా తీసుకోవడమే మానేసిందన్న సంగతి నాకు ఇంటర్వ్యూలోనే తెలిసింది, ఆ రోజు సమాధానం చెప్పలేక చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ఈ రంగంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారి దగ్గర నేర్చుకోవాలని, లింక్డ్‌ఇన్‌లో సుమారు 30 మందికి ‘నాకు మార్గదర్శనం చేయండి’ అని రాశాను. ఇద్దరే బదులిచ్చారు. అనుభవజ్ఞులు కొత్తవారి నుంచి ఏమి ఆశిస్తారో, మొదటి ఉద్యోగం ఏజెన్సీలో (పలు వ్యాపారాలకు ప్రకటనలు నడిపే సంస్థలో) చేయడం మంచిదో కాదో దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (11 ఏళ్లుగా ప్రకటనల ఖాతాలు చూస్తున్నాను):

బదులు రాలేదని నిరుత్సాహపడకండి. ‘మార్గదర్శనం చేయండి’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో మాకూ తోచదు. ఒక ఖాతాలోని ఒక అంకె చూపించి, ‘దీన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను, సరేనా?’ అని అడిగినవారికి ఎంత పని ఉన్నా అరగంట కేటాయిస్తాను.

నా దగ్గర కొత్తగా చేరిన ఒక అమ్మాయి, పచ్చళ్లు అమ్మే ఒక చిన్న వ్యాపారి ఖాతా చూస్తూ, క్లిక్‌లు బాగా వస్తున్నా ఆర్డర్లు ఎందుకు రావడం లేదని అడిగింది. ఇద్దరం సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ (జనం నిజంగా ఏ మాటలు వెతికితే ప్రకటన కనబడిందో చూపే జాబితా) తెరిచి వరుసగా చదివాం. ‘ఆవకాయ’ అన్న కీవర్డ్‌ను (ప్రకటన కోసం ఎంచుకున్న మాటను) బ్రాడ్ మ్యాచ్‌లో, అంటే సంబంధం ఉన్న ఏ వెతుకులాటకైనా ప్రకటన కనబడే అమరికలో వదిలేయడం వల్ల ‘ఆవకాయ ఎలా పెట్టాలి’, ‘ఆవకాయ కొలతలు’ అని వెతికినవారికి కూడా ప్రకటన కనబడుతోంది. వాళ్లు మామిడికాయలు తెచ్చుకుని, కారం కొలుచుకుంటున్నవారు. సీసా కొనరు, కానీ వాళ్ల ప్రతి క్లిక్‌కూ వ్యాపారి డబ్బు కడుతున్నాడు. ఆ మాటలను నెగెటివ్ కీవర్డ్‌లుగా, అంటే వెతికినా ప్రకటన కనబడకూడని మాటలుగా చేర్చాం. తెలుగు లిపిలో చేర్చినంత మాత్రాన సరిపోదని, మనవాళ్లు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు టైపు చేస్తారు కాబట్టి ఆ రూపాలను విడిగా చేర్చాలని గుర్తుచేసింది ఆ అమ్మాయే. అనుభవం ఉన్న నాకు ఆ సంగతి తట్టలేదు.

సమాధానం 2 (విశాఖపట్నం ఏజెన్సీలో మొదలుపెట్టి, ఇప్పుడు ఒక సంస్థలో పనిచేస్తున్నాను):

పై మాటతో ఏకీభవిస్తాను, కానీ చేతిలో ఖాతా లేనివారు ఆ అంకెను ఎక్కడి నుంచి తెస్తారు? గూగుల్ తన ఆన్‌లైన్ దుకాణమైన మర్చండైజ్ స్టోర్ డేటాతో జీఏ4 (యూనివర్సల్ అనలిటిక్స్ స్థానంలో వచ్చిన గూగుల్ అనలిటిక్స్ 4) డెమో ఖాతాను ఉచితంగా తెరిచి ఉంచింది. ఇంటర్వ్యూలో మీకు ఎదురైన ఇబ్బంది అందులో కొన్ని వారాలు కూర్చుంటే తీరుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలను చూపే మెటా యాడ్ లైబ్రరీలో ఏ సంస్థ ఏ ప్రకటనను ఎప్పటి నుంచి నడుపుతోందో ఎవరైనా చూడవచ్చు. నెలల తరబడి ఆపకుండా నడిపిస్తున్నారంటే అది వాళ్లకు గిట్టుబాటు అవుతోందని ఊహించవచ్చు, కాబట్టి అనుభవజ్ఞులను కలవకపోయినా వాళ్ల పని చూసి నేర్చుకునే వీలుంది.

ఏజెన్సీ విషయానికి వస్తే, మొదటి రెండేళ్లకు అదే మేలని నా అభిప్రాయం. ఒకే వారంలో ఆసుపత్రి, కోచింగ్ సెంటర్, స్థలాల వ్యాపారం మూడూ చూసే అవకాశం నాకు అక్కడే దొరికింది. అయితే కొన్నిచోట్ల కొత్తవారిని పండుగ శుభాకాంక్షల పోస్టర్లకే పరిమితం చేస్తారు. ప్రకటనల ఖాతా ఎన్నాళ్లకు మీ చేతికి ఇస్తారో ఇంటర్వ్యూలోనే అడగండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా మామయ్యగారికి మంగళగిరిలో చేనేత చీరల దుకాణం ఉంది. నెలకు 3,000 రూపాయలు ప్రకటనలకు ఇస్తానన్నారు. మొదట ఏమి చూసుకోవాలండి?

సమాధానం 1:

మంచి అవకాశం. చీరల దుకాణానికి ఎక్కువగా ఫోన్లే వస్తాయి కాబట్టి, ప్రకటన మొదలుపెట్టక ముందే కాల్స్ లెక్కలోకి వచ్చేలా కన్వర్షన్ ట్రాకింగ్ (ప్రకటన చూసి ఎందరు ఫోన్ చేయడం వంటి కావలసిన పని చేశారో లెక్కపెట్టే ఏర్పాటు) పెట్టండి. ఫోన్ చేసినవారు ఏమి అడిగారో మామయ్యగారిని ఒక పుస్తకంలో రాసి ఉంచమనండి. రెండు వారాల తర్వాత ఆ పుస్తకం, సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ రెండూ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఫోన్ నంబర్లు మాత్రం కనబడకుండా చూడండి. కలిసి చదువుదాం.