ఇన్‌ఫ్లమేషన్‌ని ‘వాపు’ అనేస్తే సరిపోతుందా?

కీళ్లవాతం పరిశోధనల మీద తెలుగులో వ్యాసం రాస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయానండి. స్వెల్లింగ్‌కీ ఇన్‌ఫ్లమేషన్‌కీ ‘వాపు’ అనే రాశాను. తీరా చదివితే “వాపు వల్ల వాపు వచ్చింది” అని ఉంది. ‘శోథ’ అందామంటే సంస్కృతంలో దానికీ వాపనే అర్థం. మీరైతే ఏం రాస్తారు?

—

నేనైతే రెండింటినీ కలపనండి. కీళ్లవాతం మీద చిట్టెలుకల్లో చేసే ప్రయోగాల్లో వాపు అనేది కొలతకు అందే సంగతి. కీళ్లవాతం తెప్పించడానికి డీబీఏ/1 రకం చిట్టెలుకకు టైప్ 2 కొల్లాజెన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇది కీలులో ఎముకల చివర ఉండే మెత్తని మృదులాస్థిలోని ప్రొటీన్. కొన్ని వారాలకు పాదం ఎర్రబడి ఉబ్బుతుంది. దాన్ని కాలిపర్ మధ్య పెట్టి ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో చూస్తారు. అది అచ్చంగా వాపే. కీలు లోపల జరిగే ఇన్‌ఫ్లమేషన్ వేరు. రోగనిరోధక కణాలు వచ్చి చేరతాయి. టీఎన్ఎఫ్ (ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్), ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి సైటోకైన్లు ఒక కణం కబురు ఇంకో కణానికి చేరవేస్తాయి. ఆ కబుర్లు ఆగకపోతే మృదులాస్థి అరిగిపోతుంది.

ఈ తేడా మాటల పట్టింపు కాదు. 1999లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఇలాంటి చిట్టెలుకల్లోనే చూశారు: టీఎన్ఎఫ్‌ని అడ్డుకుంటే ఇన్‌ఫ్లమేషన్ తగ్గింది గానీ మృదులాస్థి, ఎముక దెబ్బతినడం ఆగలేదు. ఇంటర్‌ల్యూకిన్-1ని అడ్డుకుంటే ఆగింది. అన్నిటికీ ‘వాపు’ అని రాస్తే, వాపు దిగింది కాబట్టి కీలు బాగుపడిందని చదివేవాళ్లు అనుకోరూ?

ఇన్‌ఫ్లమేషన్ అన్న మాట పుట్టింది నిప్పు నుంచి. రోమన్ రచయిత సెల్సస్ దానికి నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. వాపు అందులో ఒకటి మాత్రమే. ఆయన లాటిన్‌లో దాని పేరు ‘ట్యూమర్’. టీఎన్ఎఫ్ పేరులోని ట్యూమర్ మాత్రం కణితి, అక్కడ జాగ్రత్త.

మా అమ్మకు కీళ్లవాతం. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి గ్యాస్ స్టవ్ నాబ్ తిరగదు. “వాపేం లేదురా, లోపల మండుతోంది” అంటుంది. నాకు ఆ మాటే దగ్గరగా అనిపిస్తుంది.

—

‘మంట’ బాగుందండీ, కానీ విడిగా రాస్తే కడుపులో మంట, కళ్ల మంట గుర్తొస్తాయి. ‘కీలుమంట’ అందామా?

—

అనవచ్చండి. మొదటిసారి వచ్చిన చోట ‘ఇన్‌ఫ్లమేషన్, అంటే కీలుమంట’ అని రాసి, తర్వాత కీలుమంటతోనే నడపండి. సైటోకైన్‌ని మాత్రం అలాగే ఉంచండి.

—

మార్చానండి: “టీఎన్ఎఫ్‌ని అడ్డుకుంటే కీలుమంట తగ్గింది, మృదులాస్థి నష్టం ఆగలేదు.”