గిరీశం మాటలు గురజాడ సూక్తులెలా అయ్యాయి?

మెరకవీధి:
మా ఆఫీసు గ్రూపులో పొద్దున్నే ఒక ఫార్వర్డ్ వచ్చిందండి, గురజాడ సూక్తులు అని. పైన దేశమంటే మట్టికాదోయ్ ఉంది, బానే ఉంది. దాని కిందే ఒపీనియన్స్ అప్పుడప్పుడూ మార్చకపోతే పొలిటీషియన్ కాలేడన్న మాట, నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్ అన్నదీ పెట్టేశారు. అవి ఆయన నాటకం కన్యాశుల్కంలో గిరీశం అనే పాత్ర అనేవి కదా? వాడేమో సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి తగలేసిన రకం. ఇంకా ఘోరం ఏంటంటే "తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి" కూడా గులాబీపువ్వు బొమ్మ మీద వేశారు. నా డౌటు ఏంటంటే ఈ నాటకంలో ఇన్ని మాటలు సామెతల్లాగా జనం నోట్లో ఉన్నాయి కదా, వాటిల్లో గురజాడ లోకజ్ఞానం అనుకోదగ్గది ఏది, పాత్రలు కొట్టే డబ్బా ఏది, ఎలా తెలుస్తుంది? నేను సినిమా చూశా, పుస్తకం అక్కడక్కడా చదివానంతే.

గోలీసోడా:
గులాబీపువ్వు మీద తన్నుకు చావండి 😂😂 కింద శుభోదయం అని కూడా ఉందా

పాతసంచిక:
మెరకవీధి గారూ, మంచి డౌటు. నా లెక్కలో ఆ మాట ఎవరు ఎవరితో ఏ అవసరానికి అన్నారో చూస్తే సగం తేలిపోతుంది. పొలిటీషియన్ మాట విడిగా చదివితే ఎంత నిజం అనిపిస్తుంది కదా, కానీ నాటకంలో అది శిష్యుడి ముందు పరువు పోకుండా ప్లేటు ఫిరాయించడానికి వాడిన మాట. మాటలో నిజం ఉంది, అన్నవాడిలో లేదు, గురజాడ నవ్వు ఆ సందులోంచే వస్తుంది. గిరీశం తెలివితక్కువవాడైతే మనకి రెండో అంకానికే బోర్ కొట్టేసేవాడు.

ఆ ఇంగ్లీషు సీను ఒకటి చూడండి. పరీక్ష తప్పిన శిష్యుడు వెంకటేశాన్ని వెంటేసుకుని గిరీశం వాళ్ళ ఊరు అగ్రహారం వెళ్తాడు. వాళ్ళమ్మకి కొడుకు ఇంగ్లీషు వినాలని ముచ్చట, ఒక్కసారి మీరిద్దరూ మాట్లాడండి బాబూ అంటుంది. ఇక చూడండి, గురువు ట్వింకిల్ ట్వింకిల్ ఎత్తుకుంటాడు, శిష్యుడు డేరాలో తెల్లవాడున్నాడని రీడరు వాక్యం వదుల్తాడు, తర్వాత ట్రెపీజియం లెక్క, ఆ తర్వాత గ్రామరు రూలు, మధ్యలో గిరీశం మిల్టన్ కావ్యాన్ని అందుకుని ఏదెను తోట పండుని మామిడి చెట్టుకి కాయించేస్తాడు. అర్థం ఏంటి అంటే సెలవుల్లో ఎలా చదవాలో మాట్లాడుకుంటున్నాం అని జవాబు! ఆ తల్లి ఎంత మురిసిపోయుంటుంది పాపం. మనం నవ్వేది ఆవిడకి ఇంగ్లీషు రాదని కాదండీ, ఆ ఇంట్లో ఎవరికి ఏం కావాలో గిరీశం వచ్చీ రాగానే పసిగట్టేశాడు చూడండి, దానికి. తల్లికి కొడుకు గొప్ప వినాలి, తండ్రి అగ్నిహోత్రావధాన్లుకి కోర్టు పిచ్చి కాబట్టి ఆయన దావా కాగితాల సంగతి ఎత్తాలి, అంతే, కస్సుమన్న మనిషి చల్లబడ్డాడు. ఏ మోసగాడైనా మన కోరికలోంచే లోపలికొస్తాడన్న సంగతి గురజాడ ఎక్కడా డైలాగులో పెట్టలేదు, సీన్లో పెట్టాడు. ఫార్వర్డులో అది పట్టదు.

బొంకులదిబ్బ:
కొంచెం విభేదిస్తానండి. అందరూ గిరీశం గిరీశం అంటారు గానీ ఆ నాటకంలో లోకం తెలిసింది వేశ్య మధురవాణికి. గిరీశం, రామప్పంతులు ఇద్దరూ తామే ఆవిణ్ణి ఏలుతున్నాం అనుకుంటారు, ఇద్దర్నీ ఆవిడ పేకముక్కల్లాగా కలుపుతుంది. వేశ్య ముఖం చూడనని పట్టుబట్టే వకీలు సౌజన్యారావు దగ్గరికి మగవేషంలో వెళ్ళి ఆయన నీతినే ఇరకాటంలో పెట్టి, కేసులో ఇరుక్కున్న ముసలి పెళ్ళికొడుకు లుబ్ధావధాన్లుని బయటపడేసే దారీ తనే చూపిస్తుంది. అలాగని సౌజన్యారావుని గురజాడ వెధవని చెయ్యలేదు, మంచివాడే, కానీ పుస్తకంలోంచి చదువుకున్న మంచితనం. నాకైతే నాటకం మొత్తంలో అన్నిటికంటే పదునైన హాస్యం అదే, మనం దొంగల్ని చూసి నవ్వుతూ ఉంటే పెద్దమనిషినీ సున్నితంగా గిల్లి వదిలాడు.

ఇంకోటి, ఈ నవ్వు వెనకాల లెక్కలున్నాయి. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖ జిల్లాలో బ్రాహ్మణుల ఇళ్ళల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్ళిళ్ళ, లిస్టు రాయించారు, మూడేళ్ళలో 1034 తేలాయి. ఏడాది నిండిన పిల్లలు ముగ్గురు ఉన్నారు అందులో, ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు పలికిందని గురజాడే మొదటి ముద్రణకి రాసిన పీఠికలో చెప్పాడు. అది తెలిసి తాంబూలాల మాట మళ్ళీ చదవండి. పసిపిల్లని ముసలాడికి అమ్ముతూ ఇంట్లో అందరూ వద్దని మొత్తుకుంటుంటే తండ్రి అగ్నిహోత్రావధాన్లు విసిరిన మాట అది. ఇప్పుడు మనం మీటింగు డేటు ఫిక్స్ చేసి కూడా అదే మాట అంటున్నాం, నేనూ అంటాను.

మెరకవీధి:
అబ్బ, ఆ లెక్క నాకు తెలీదండి. సినిమాలో ఎన్టీఆర్ గిరీశం కాబట్టి మనకి వాడిమీద కొంచెం సాఫ్ట్ కార్నర్ ఉండిపోయిందేమో కూడా. ఇప్పుడు పుస్తకం పూర్తిగా చదువుదామనుకుంటున్నా, ఏ ముద్రణ కొనాలి?

పాతసంచిక:
సినిమా 1955ది, సావిత్రి మధురవాణి, అది వేరే ఆనందం. పుస్తకం అయితే 1909 నాటి రెండో కూర్పు చదవండి, షాపుల్లో మామూలుగా దొరికేది అదే. 1892లో విజయనగరంలో ఆడిందీ 1897లో అచ్చయిందీ చిన్న నాటకం, దాన్ని ఆయన బాగా పెంచి తిరగరాశాడు. బొంకులదిబ్బ గారు చెప్పే మధురవాణి ఇంత ఎదిగింది కూడా ఆ తిరగరాతలోనే, కాబట్టి ఆయన వాదనకి ఒక మార్కు వేస్తున్నా. గిరీశానికి రెండు.

బొంకులదిబ్బ:
నాటకం చివర్న గిరీశానికి ఎన్ని మార్కులొచ్చాయో గుర్తుందా సార్? వాడు లేవదీసుకెళ్ళిన వితంతువు బుచ్చమ్మని పూనాలో వితంతువుల హోంకి పంపించేసి, వెళ్ళి చదువుకోవయ్యా అన్నారు.

గోలీసోడా:
డామిట్, కథ అడ్డంగా తిరిగింది