గో, కమ్, రన్ పక్కన అప్, ఆఫ్, త్రూ: బట్టీ పట్టించాలా, దారి చూపించాలా?

తూర్పుగట్టు (మారతహళ్లి):
బెంగళూరుకు ఉద్యోగాల కోసం వచ్చిన మన పిల్లలకు శని, ఆదివారాల్లో ఇంగ్లీషు చెబుతుంటాను. అందరి ఫోన్లలోనూ ఒకే రకం పీడీఎఫ్ ఉంటుంది. వందల కొద్దీ ఫ్రేజల్ వెర్బులు, అంటే క్రియ పక్కన అప్, ఆఫ్ లాంటి చిన్నమాట చేరి కొత్త అర్థమిచ్చేవి, ఎదురుగా తెలుగు అర్థాలు. కమ్ అక్రాస్ అంటే తారసపడటం, కమ్ బై అంటే సంపాదించడం, కమ్ డౌన్ విత్ అంటే జబ్బు పడటం. రోజుకు పది చొప్పున బట్టీ కొడతారు. నెల తిరిగేసరికి కమ్ బై ఏదో, కమ్ అక్రాస్ ఏదో కలిసిపోతాయి.

నా వాదన ఏమిటంటే, ఆ జాబితా పక్కన పెట్టి ముందు ఆ చిన్నమాటల దిశ నేర్పాలి. ఇంగ్లీషులో మనిషి ఎలా కదిలాడన్నది క్రియ చెబుతుంది, ఎటు కదిలాడన్నది పక్కనున్న చిన్నమాట చెబుతుంది. మనకు ఇది తలకిందులు. ఎక్కు, దిగు, దాటు, దూరు, చేరు. దారంతా క్రియలోనే ఉంటుంది. "పిల్లాడు పరుగెత్తుకుంటూ రోడ్డు దాటాడు" అంటాం. అదే ఇంగ్లీషులో "రాన్ అక్రాస్ ద రోడ్" అవుతుంది. మన పరుగు అక్కడ అసలు క్రియ అయింది, మన దాటడం అక్రాస్‌లోకి పోయింది. లియొనార్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 1985లో ఈ తేడా మీద పెద్ద వ్యాసమే రాశాడు. స్పానిష్ లాంటి భాషలు దారిని క్రియలో పెడతాయి, ఇంగ్లీషు, జర్మన్, రష్యన్ పక్కమాటల్లో పెడతాయి. ఇది తెలిస్తే తను "క్రాస్డ్ ద రోడ్ బై రన్నింగ్" అని ఎందుకు రాస్తున్నాడో పిల్లాడికే అర్థమవుతుంది.

బ్యాండ్ సెవెన్ (బీటీఎం లేఅవుట్):
వినడానికి బాగుందండీ. కానీ నేను విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు తయారు చేస్తాను, నా బాధ వేరు. స్పీకింగ్‌లో 7 బ్యాండ్ (తొమ్మిదికి ఏడు) రావాలంటే నుడికారం తెలిసినట్టు కనబడాలి, అది వాళ్ల కొలమానంలోనే రాసి ఉంటుంది. పరీక్ష ఫీజు కట్టేసి వచ్చినవాడికి దిశల పాఠం చెప్పే టైమ్ ఎక్కడిది?

ఇంకోటి. ఒప్పందం "వెంట్ త్రూ" అంటే కుదిరింది, "ఫెల్ త్రూ" అంటే చెడింది. రెండింట్లోనూ త్రూనే. లైట్లు "వెంట్ ఆఫ్" అంటే ఆరిపోయాయి, బాంబు "వెంట్ ఆఫ్" అంటే పేలింది. వీటిలో ఏ దిశ చూపిస్తారు?

రాత్రి షిఫ్ట్ (వైట్‌ఫీల్డ్):
ఆఫ్ మాట వచ్చింది కాబట్టి మా ఆఫీసులో జరిగింది చెబుతాను. కొత్తగా చేరిన అబ్బాయి ఒక్కడే డ్యూటీలో ఉన్నాడు. పేమెంట్స్ సర్వర్ అలారం "వెంట్ ఆఫ్" అని లండన్ నుంచి మెసేజ్ వచ్చింది. అలారం ఆగిపోయింది, అంటే సమస్య తీరిపోయింది అనుకుని టికెట్ (ఆ సమస్య నమోదు) మూసేశాడు. అది మోగుతోందని వాళ్లు చెబుతున్నారు! తెల్లారేదాకా ఎవరూ చూడలేదు. ఆ అబ్బాయిని అందరూ తిట్టారు గానీ, నాకైతే అతని తప్పు కనబడలేదు. ఫ్యాన్ ఆఫ్ చెయ్, ఫోన్ ఆఫ్ అయింది అంటూ పెరిగాం. ఆఫ్ అంటే ఆగిపోవడమే అని మనకు చిన్నప్పుడే ఖాయమైపోయింది. జాబితాలో గో ఆఫ్ అతనూ చదివే ఉంటాడు, అవసరానికి గుర్తు రాలేదు.

తూర్పుగట్టు:
బ్యాండ్ సెవెన్ గారూ, త్రూ సంగతి ముందు. త్రూ అంటే ఒక పక్క దూరి ఇంకో పక్క తేలడం. గో అంటే వెళ్లడం, ఫాల్ అంటే పడిపోవడం. సందులోంచి నడిచి అవతల తేలితే పని అయినట్టు, వేళ్ల సందుల్లోంచి జారితే పోయినట్టు. త్రూ మారలేదు, క్రియ మారింది. ఇలా చెబితే పిల్లలు ఆ రెండింటినీ మళ్లీ కలిపేయడం లేదు.

ఆఫ్‌ను కూడా "ఉన్నచోటు వదలడం"గా చూపిస్తాను. పట్టి ఉంచినది పట్టు వదిలితే బాంబు పేలుతుంది, అలారం మోగుతుంది. అందుతున్న కరెంటు వదిలిపోతే లైటు ఆరుతుంది. ఇది పుట్టుపూర్వోత్తరాల మాట కాదు, గుర్తుండే దారి.

అసలు మన తెలుగులోనే ఈ దిశలున్నాయి. నిజం బయటపడింది, కమ్ అవుట్. పట్టు వదిలి దిగొచ్చాడు, క్లైమ్ డౌన్. సాయానికి ముందుకొచ్చాడు, కమ్ ఫార్వర్డ్. కష్టంలోంచి గట్టెక్కాడు అంటే పుల్ త్రూకు ఎంత దగ్గరో చూడండి. వీటిని కొత్తగా బట్టీ పట్టించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

కోడలుపిల్ల (కె.ఆర్.పురం):
నేను మీ ఇద్దరితోనూ ఒప్పుకోను. విరిగిపోయింది, అయిపోయింది అంటాం. పో అంటే వెళ్లడమే కదా, గ్లాసు ఎక్కడికి వెళ్లింది? మనకు ఎవరూ జాబితా ఇవ్వలేదు, దిశా చెప్పలేదు. ఇక్కడికొచ్చాక కన్నడంలో "మురిదు హోయ్తు" అని పక్కింటావిడ నోట విన్నాను, వెంటనే పట్టుకున్నాను. చెవిలో పడాలి, అంతే.

తూర్పుగట్టు:
కన్నడం మనలాగే కదులుతుంది కాబట్టి చెవిలో పడగానే పట్టుబడిందమ్మా. ఇంగ్లీషు అలా కదలదు, అందుకే దారి చూపించాలంటున్నాను. మీరు ఇచ్చిన పో మాత్రం మంచి ఉదాహరణ. యూజ్ అప్‌లో అప్ చేసే పనే మన "అయిపోయింది"లో పో చేస్తుంది. వచ్చే శనివారం నుంచి పాఠంలో చెబుతాను.

బ్యాండ్ సెవెన్:
సరే, దిశ తెలిసింది. వాక్యంలో దాని చోటు? "రన్ అప్ ద హిల్" అంటే కొండ మీదికి పరుగెత్తడం, "రన్ అప్ ద బిల్" అంటే బిల్లు పెంచేసుకోవడం, చూడ్డానికి ఒకటే. బిల్లుకు బదులు ఇట్ పెడితే "రన్ ఇట్ అప్" అనాలి, కొండకైతే "రన్ అప్ ఇట్". మా పిల్లలు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

తూర్పుగట్టు:
కొండ దగ్గర అప్ కొండకు చెందుతుంది, ఎక్కే దారి అదే. బిల్లు దగ్గర అప్ రన్‌కు చెందుతుంది, ఎవరూ బిల్లు ఎక్కడం లేదు. ఎవరి సొంతమో అడిగితే చోటు తేలుతుంది. "టర్న్ ఆఫ్ ద రోడ్" (రోడ్డు వదిలి మళ్లడం), "టర్న్ ఆఫ్ ద లైట్" (లైటు ఆర్పడం) కూడా అంతే.

దీనికంటే మనవాళ్లను ఎక్కువ ముంచేది ఇంకోటుంది: "ఎంటర్డ్ ఇంటూ ద రూమ్", "రిటర్న్డ్ బ్యాక్". ఎంటర్, రిటర్న్, డిసెండ్ ఫ్రెంచి నుంచి వచ్చాయి. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వెల్లువెత్తిన మాటలవి. మన దిగు, చేరు లాగా దారిని తమలోనే పెట్టుకున్నాయి, పక్కన మళ్లీ చిన్నమాట అక్కర్లేదు. రీచ్ ఫ్రెంచి మాట కాకపోయినా అదే దారి. "మారతహళ్లికి చేరాను"లోని కి మనల్ని "రీచ్డ్ టు" అనిపిస్తుంది. చిన్నమాట ఎప్పుడు పెట్టాలో చెప్పే పాఠంలో ఎప్పుడు పెట్టకూడదో కూడా ఉండాలి. ఆ పీడీఎఫ్‌లలో ఇది ఒక్కచోటా నాకు కనబడలేదు.

బ్యాండ్ సెవెన్:
ఎంటర్, రిటర్న్ సంగతి నేనూ వాడుకుంటాను. పరీక్షకు నెలరోజులే ఉన్నవాళ్లకు మాత్రం జాబితానే ఇస్తాను. ఆరు నెలలున్నవాళ్లుంటే మీ దగ్గరికి పంపిస్తాను, కమ్ బై, గో ఇన్ ఫర్‌లకు ఏ దారి చూపిస్తారో అప్పుడు చెప్పండి.

తూర్పుగట్టు:
పంపండి. ఆ రెండూ నేనూ బట్టీయే పట్టిస్తున్నాను.