పడక మీదున్న మనిషికి సువార్త చెప్పొచ్చా?

కడప నర్సు:
అందరికీ వందనాలు. కడపలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. మాది సీఎస్సై సంఘం, మా జేజినాయన కాలం నుంచి విశ్వాసులం. మా వార్డులో ఒక సిస్టరు డ్యూటీలో ఉండగానే ప్రతి రోగి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంది, దిండు కింద కరపత్రం పెట్టి పోతుంది. ఆమె మనసు మంచిది, ఆ మాట ముందే చెప్తాండా. ఆయాలు వెనకాడిన చోట రోగి గుడ్డలు తనే మారుస్తుంది. అయినా ఈ పని నాకు సమ్మతం కాదు. మొన్న ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. అందుకే ఇక్కడ అడుగుతాండా.

నా అభిప్రాయం దాచుకోను. నమ్మినదాన్ని నలుగురికీ చెప్పడం మన హక్కు, బాధ్యత కూడా. బస్సులో పక్క సీటామెకు చెప్పు, రైతుబజారులో చెప్పు, చెల్లెలి అత్తగారికి చెప్పు. నచ్చకపోతే వాళ్ళు మొహం తిప్పుకుంటారు, లేచి పోతారు, లేదంటే నాలుగు తిడతారు. సెలైన్ ఎక్కుతాండే మనిషి యాడికి లేచి పోతుంది? పొద్దున మళ్ళీ నా చేతే సూది వేయించుకోవాల, నా చేతే బెడ్‌ప్యాన్ పెట్టించుకోవాల. అట్లాంటామె "సరేమ్మా, ప్రార్థన చెయ్యి" అంటే మనస్ఫూర్తిగానే అన్నదని ఎట్లా నమ్మేది? బడిపిల్లలకు టీచరు చెప్పినా, కూలోళ్ళకు మేస్త్రీ చెప్పినా, బాకీ ఉన్నోళ్ళకు అప్పిచ్చినాయన చెప్పినా ఇదే కథ. వద్దు అనే ధైర్యం చేయలేని మనిషికి మనం చెప్పకూడదు. మీరేమంటారు?

ఎమ్మిగనూరు తమ్ముడు:
అక్కా వందనాలు. నీ మాట వినడానికి బాగుంది, వాక్యం ముందర నిలబడదు. చెప్పేవాడు లేకుంటే ఎట్లా వింటారు, వినకుంటే ఎట్లా నమ్ముతారు అని రోమీయుల పత్రిక పదో అధ్యాయంలో పౌలే అడిగినాడు. అక్కడ ఆరోగ్యంగా ఉన్నోళ్ళకే చెప్పమని రాయలేదు. సిలువ మీద దొంగ కథ అందరికీ తెలుసు. చివరి గంటలో దొరికింది ఆయనకు రక్షణ.

మా నాయన సంగతి చెప్తా. తాగుడు మనిషి, దేవుడంటే లెక్క లేదు. కాలేయం పాడై ఆస్పత్రిలో పడినప్పుడు ఒక పెద్దాయన పడకల మధ్య తిరుగుతా వచ్చి పక్కన కూర్చున్నాడు. యేసు గురించి చెప్పినాడు. నాయన విన్నాడు. పోయే ముందు మా అమ్మ చెయ్యి పట్టుకుని, కొట్టినందుకు క్షమించమని అడిగినాడు. ఆ పొద్దు నీ రూలు అమల్లో ఉండుంటే మా అమ్మకు ఆ మాట దక్కేదా? బాగున్నప్పుడు మనిషి వినడక్కా. వినే పొద్దు వచ్చినప్పుడు నోరు మూసుకోమంటే ఎట్లా?

ప్రొద్దుటూరు అక్క:
నేను హిందువుని. ఇక్కడ రాయొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నా.

తమ్ముడూ, మీ అమ్మకు ఆ మాట దక్కినందుకు నాకూ సంతోషమే. ఇప్పుడు మా అమ్మ సంగతి విను. ఆమెకు తుంటి ఎముక ఆపరేషన్ అయినప్పుడు ఒక నర్సమ్మ రోజూ వచ్చి ప్రార్థన చేసేది. అమ్మ కళ్ళు మూసుకుని ఆమేన్ అనేది. ఇంటికొచ్చినాక అడిగితే, "కాదంటే ఆ బిడ్డకు కోపమొచ్చి సూది గట్టిగా పొడుస్తుందేమో అని భయపడినా" అనింది. ఆ నర్సమ్మ అట్లాంటి మనిషే కాదు, బంగారం లాంటి పిల్ల. కానీ మా అమ్మ భయం కూడా అబద్ధం కాదు కదా.

అట్లని క్రైస్తవులు నోరెత్తకూడదని నేను అనను. మా పక్కింటామె కూటాలకు పోతుంది. సాయంత్రం అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుచుకుంటా మా ఇద్దరికీ ఇదే వాదన. ఆమె కీర్తన పాడుతుంది, నేను వేమన పద్యం అందుకుంటా. కన్యమరియ సంగతి నేను గుచ్చిగుచ్చి అడుగుతా, పునర్జన్మ సంగతి ఆమె అడుగుతుంది. కోపమొస్తే చేట తీసుకుని లోపలికి పోతా, మర్నాడు మళ్ళీ కూర్చుంటాం. క్రిస్మస్‌కు ఆమె కేకు పంపిస్తుంది, ఉగాదికి నేను ఓలిగలు పంపిస్తా. ఆమె నాకు చెప్పడం మానేస్తే నాకే ఏదో తక్కువైనట్టు ఉంటుంది.

కర్నూలు వకీలు:
చట్టం వైపు నుంచి రెండు మాటలు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి అందరికీ హక్కిచ్చింది. ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు పెట్టింది. ఒడిశా 1967లో, మధ్యప్రదేశ్ 1968లో బలవంతపు, మోసపు, ప్రలోభపు మతమార్పిళ్ళ మీద చట్టాలు తెచ్చాయి. వాటిని 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. తన మతం ఏం చెబుతుందో వివరించే హక్కు ఉందనీ, ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కంటూ ఏదీ లేదనీ ఆ తీర్పు. మన రాష్ట్రంలో 2007లో వచ్చిన చట్టం వేరు. తిరుమల లాంటి నోటిఫై చేసిన పుణ్యక్షేత్రాల్లో వేరే మతం ప్రచారం చేయకూడదని మాత్రమే అది చెబుతుంది.

నర్సమ్మ ఎత్తిన విషయానికి దగ్గరగా ఉన్నది 28వ అధికరణం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ అసలే ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలోనైతే సమ్మతి లేకుండా ఏ విద్యార్థినీ మతబోధకు, ప్రార్థనకు కూర్చోబెట్టకూడదు. మైనరైతే ఆ సమ్మతి ఇవ్వాల్సింది తల్లిదండ్రులో సంరక్షకులో. పిల్లవాడు టీచరుకు ఎదురు చెప్పలేడని రాజ్యాంగం రాసినవాళ్ళకు తెలుసు. ప్రచార హక్కు మీద 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో పెద్ద చర్చే జరిగింది. క్రైస్తవ విద్యాసంస్థల్లో పద్నాలుగేళ్ళు చదువుకున్నా తనను మార్చే ప్రయత్నం ఎవరూ చేయలేదని టి.టి. కృష్ణమాచారి అక్కడ చెప్పారు. ఆ హక్కును ఆయన సమర్థించారు కూడా.

జమ్మలమడుగు మాస్టారు:
రిటైరైన తెలుగు పండితుణ్ణి. లండన్ మిషన్ వాళ్ళు బళ్ళారికి 1810లో వచ్చారు, కడపకు 1822లో. మా ఊర్లో కాంప్‌బెల్ ఆస్పత్రి పెట్టిందీ ఆ మిషనే. మన జిల్లాల్లో సువార్త, వైద్యం, చదువు మొదటి నుంచీ ఒకే గుమ్మంలోంచి వచ్చాయి. కాబట్టి ఈ ప్రశ్న కొత్తదేం కాదు.

ఎమ్మిగనూరు నాయనా, నీకు ఒంగోలు సంగతి ఒకటి చెప్పాలి. 1876-78 నాటి గొప్ప కరువు తెలుసు కదా, కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాల్లో ఊర్లకూర్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని పెట్టించాడు. జనం గుంపులు గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇమ్మన్నారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వస్తున్నారో దేవుని కోసం వస్తున్నారో తేల్చుకోలేని కాలంలో ఇవ్వనన్నాడు. ఏడాది పైన ఆపాడు. కరువు పని ముగిశాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని తెలిసి కూడా వచ్చినవాళ్ళకు ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి.

ఆ దొరకు సువార్త మీద ఆత్రం లేదని ఎవరూ అనలేరు. ఆత్రం ఉన్న మనిషే ఆగాడు. అన్నం పెట్టే చెయ్యీ బాప్తిస్మం ఇచ్చే చెయ్యీ ఒకే కాలంలో ఒకటి కాకూడదనుకున్నాడు. అమ్మాయి చెప్పేదీ అదే.

కోడుమూరు:
అందరూ చదువుకున్నోళ్ళు బాగా రాస్తాండారు. కానీ మీ అందరి మాటల్లోనూ చెప్పేవాడు పైన ఉండాడు, వినేవాడు కింద ఉండాడు. మా ఊర్లో తలకిందులు. మాది మాదిగ కాలనీ. మా పిన్నమ్మ ఒక రెడ్డిగారింట్లో పని చేస్తుంది. ఆ ఇంటి కోడలు బిడ్డ పోయి కుమిలిపోతాంటే మా పిన్నమ్మ వంటింట్లో కూర్చోబెట్టి యేసయ్య గురించి చెప్పింది. ఆయనకు తెలిస్తే పని పోతుంది, పొలం పనికి కూడా పిలవరు. అయినా చెప్పింది. అక్కడ లేచి పోలేని మనిషి ఎవరు?

ఇంకొక సంగతి. ఎస్సీలు ఎవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కాని వాళ్ళలో ఎస్సీ హోదా సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చినారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినోళ్ళు బీసీ-సీ, అదీ ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే ఆఫీసుల్లో మావోళ్ళు ఎంతమంది నోరు విప్పరో మీకు తెలీదా? ఆదివారం పాట పాడతారు, సోమవారం బీరువాలో సర్టిఫికెట్టు చూసుకుంటారు. వాళ్ళను తప్పు పట్టను, బిడ్డల చదువులు ఉండాయి. అట్లాంటోళ్ళకు "ఆగండి, చెప్పొద్దండి" అని ఇంకొక రూలు అక్కర్లేదు. ఆగడం మాకు పుట్టుకతోనే నేర్పినారు. మా జేజి చెప్పేది, గుడి గడప దాటనియ్యని రోజుల్లో మావోళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరం దిద్దించింది మిషన్ బడి పంతులేనని. మేము అడిగేదాకా ఆయన ఆగుంటే, ఎవరిని అడగాలో కూడా మాకు తెలిసుండేది కాదు.

కడప నర్సు:
అన్నా, మీ పిన్నమ్మకు నా వందనాలు చెప్పండి. ఆమె చేసినదానికి నా మాట ఎక్కడా అడ్డు రాదు. పోగొట్టుకునేది ఆమె దగ్గర ఉంది, వద్దనే బలం ఆ కోడలి దగ్గర ఉంది. అది అసలైన సాక్ష్యం. నేనడిగేది ఎదుటి మనిషి మనకు భయపడాల్సిన చోటు గురించి మాత్రమే. మిషన్ పంతుల సంగతి మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. ఆయనా టీచరే, మీ జేజీ వాళ్ళూ పిల్లలే. అక్షరం ఇచ్చినందుకు చేతులెత్తి మొక్కుతా. అక్షరంతో పాటు ప్రార్థన తప్పనిసరి చేసుంటే అది సరైందని మాత్రం ఈరోజు కూడా అనలేను.

కడప పాతబస్తీ:
ముస్లింని. మా మసీదులోనూ ఇదే వాదన నడుస్తుంది. మా ఊర్లో పెద్ద దర్గాకు హిందువులు వస్తారు, ఉగాదికి దేవుని కడప గుడికి మావాళ్ళు పోతారు. ఎవరూ ఎవర్నీ మార్చకుండానే ఇంత దూరం వచ్చాం. నర్సక్క మాట నాకు నచ్చింది. ఒక చిన్న సవరణ: రోగే తన మతం ప్రార్థన కావాలంటే ఏర్పాటు చేయడం కూడా నర్సు పనిలో భాగం కావాలి. మా మామకు ఐసీయూలో ఖురాన్‌లోని యాసీన్ సూరా చదవనిచ్చింది ఒక క్రైస్తవ సిస్టరే.

అనంతపురం టీచరు:
ఫాదర్ ఫెర్రర్ సంగతి ఎవరూ ఎత్తలేదేంది? జెస్యూట్లనే క్యాథలిక్ సభ మనిషిగా దేశానికొచ్చినాడు, 1969లో అనంతపురంలో అడుగు పెట్టినాడు, ఆ తర్వాత ఆ సభను వదిలేసినాడు. ఇండ్లు, బడులు, బత్తలపల్లి ఆస్పత్రి. మతం మాట లేదు. ఆయన 2009లో పోయినప్పుడు ఎంత జనం ఏడ్చినారో మా జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. పల్లెల్లో దేవుని పటాల పక్కన ఆయన ఫోటో పెట్టుకున్న ఇండ్లున్నాయి. పని చాలు, మాట ఎందుకు?

ఎమ్మిగనూరు తమ్ముడు:
సార్, ఫాదర్ అంటే నాకూ గౌరవమే. కానీ పటాల పక్కన ఇంకొక పటమైతే మనిషికే మొక్కినట్టు కదా? దయ్యాలు వదిలినవాడితో యేసే చెప్పినాడు, నీ ఇంటికి పోయి ప్రభువు నీకు చేసిన మేలు నీవాళ్ళకు తెలియజెయ్యి అని, మార్కు ఐదో అధ్యాయం. మంచి పని చేసి ఎవరి పేరిట చేసినామో చెప్పకపోతే ఆ పేరు మనకే మిగులుతుంది. అది నాకు భయం.

అనంతపురం టీచరు:
అదే మార్కు మొదటి అధ్యాయంలో కుష్ఠరోగిని బాగుచేసి ఎవరితోనూ చెప్పొద్దన్నాడు కూడా. లూకాలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే. మిగతా తొమ్మిదిమందికి రోగం మళ్ళీ తెప్పించలేదు.

కడప నర్సు:
సార్, పని చాలు అనే మాట నాకూ ఒప్పుదల లేదు. నన్ను ఎవరైనా "ఇంత ఓపిక నీకెక్కడిది" అని అడిగితే దాచిపెట్టడం అబద్ధం చెప్పినట్టే. అడిగినవాడికి సాత్వికంతో, భయంతో సమాధానం చెప్పమని పేతురు రాసినాడు. నేను చెప్తా, ఆ రోజు కాదు. "డిశ్చార్జి అయినాక కావాలంటే ఫోన్ చెయ్యమ్మా" అంటా. చేసినోళ్ళు ఉన్నారు. వాళ్ళిండ్లకు పోయి, టీ తాగి, చాలాసేపు మాట్లాడినా. యూనిఫాం లేకుండా పోతా, వాళ్ళింటి చాప మీద కూర్చుంటా. అక్కడ వాళ్ళు ఇంటివాళ్ళు, నేను చుట్టాన్ని. వార్డులో ఎవరి కోసమైనా ప్రార్థన చేయాలనిపిస్తే మనసులో చేసుకుంటా, దేవునికి వినపడుతుంది.

తమ్ముడూ, మీ నాయన దగ్గర కూర్చున్న పెద్దాయన డాక్టరా, నర్సా?

ఎమ్మిగనూరు తమ్ముడు:
కాదక్కా. పక్క వార్డులో ఆయన భార్య ఉండేది. నాయన మొదటి రోజు ఆయన్ను పొమ్మని బూతులు తిట్టినాడు. పోయి, రెండు రోజులకు బత్తాయిలు తీసుకుని మళ్ళీ వచ్చినాడు.

కడప నర్సు:
అయితే ఆయన నేను చెప్పే హద్దులోనే ఉన్నాడు. మీ నాయన ఆయన్ను తిట్టగలిగినాడు. నన్ను తిట్టగలిగేవాడా?

ఎమ్మిగనూరు తమ్ముడు:
తిట్టేవాడు కాదు. ఆ మాట ఒప్పుకుంటా. కానీ డిశ్చార్జి దాకా బతకని మనిషి సంగతి నువ్వు చెప్పలేదు. రాత్రి రెండు గంటలకు ఆక్సిజన్ పడిపోతాంటే, పక్కన ఎవరూ లేకపోతే, నీ దగ్గర ఉన్న మాట నీ దగ్గరే పెట్టుకుంటావా? దీనికి జవాబు చెప్పక్కా.

కడప నర్సు:
పక్కన ఇంటోళ్ళు ఉంటే వాళ్ళను అడుగుతా, "మీకు ఏ దేవుడు, ఎవర్ని పిలవమంటారు" అని. వాచ్‌మన్‌ను పంపి అయ్యవారిని పిలిపించినా, హజరత్‌ను పిలిపించినా. ఎవరూ లేకుంటే రోగినే అదే మాట అడుగుతా. నా దేవుడి పేరు ముందు నేను ఎత్తను. ఆ మనిషే యేసయ్య అంటే, ఆ రాత్రి డ్యూటీ అని చూడను, చెయ్యి పట్టుకుని గట్టిగానే ప్రార్థిస్తా. ఏమీ అనకపోతే చెయ్యి మాత్రం పట్టుకుంటా. నీకు ఇది చాలదని తెలుసు తమ్ముడూ.

ఎమ్మిగనూరు తమ్ముడు:
చాలదక్కా. కానీ ఆ కరపత్రాలు దిండు కింద పెట్టే సిస్టరుకు నీ మాట నేనే చెప్తా, ఆమె మా సంఘం పెద్దమ్మ కూతురే అయ్యుంటుంది. పేరు ఇక్కడ వద్దు, విడిగా మెసేజ్ పెట్టు.