బస్సులో సీటు బెల్టు: ఎవరికి తప్పనిసరి, ఎవరికి మినహాయింపు?

కాణిపాకం_రూటు: చిత్తూరు నుంచి కొండకు 35 సీట్ల బస్సు మాట్లాడుకుంటే, ప్యాసింజర్లు బెల్టు పెట్టుకోలేదని కూడా ఫైన్ వేస్తారా? పల్లెవెలుగులో బెల్టులే ఉండవు కదా, దానికెట్లా?

పర్మిట్_పేపర్లు: మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 194బి చూడండి. డ్రైవర్ బెల్టు లేకుండా నడిపినా, బెల్టు పెట్టుకోని వాళ్లను తీసుకెళ్లినా 1,000 రూపాయలు. నిలబడి ప్రయాణించే బండ్లకు, ఇంకొన్ని రకాల రవాణా వాహనాలకు రాష్ట్ర ప్రభుత్వం గెజిట్ ఇచ్చి మినహాయించవచ్చు. గెజిట్ లేకుండా మినహాయింపు లేదు. పైగా ఆ వెసులుబాటు మొదటి ఉపసెక్షన్‌కే. 14 ఏళ్లలోపు పిల్లలది రెండోది, అదీ 1,000. అందులో నడపనిచ్చినవాళ్లూ బాధ్యులే.

బాడీషెడ్_తిరుపతి: ఫైన్ సంగతి అట్లుంచండి, పాత బస్సుకు బెల్టులు వేయించేవాళ్లు బోల్టు ఎక్కడ దిగుతుందో చూడాల. బెల్టును సీటుకే బిగిస్తే లాగుడంతా సీటు కాళ్ల మీదుగా నేలకు పోతుంది. గుద్దుకున్నప్పుడు 10జీ, అంటే మనిషి బరువుకు పది రెట్ల తోపు, వచ్చిందనుకోండి, 60 కేజీల మనిషికి 600 కేజీల లాగుడు, ఇద్దరి సీటుకు 1,200. ప్లైవుడ్‌కు స్క్రూలు కొట్టి కూర్చోబెట్టిన సీటయితే మనుషులతో సహా ఊడి ముందువాళ్ల మీద పడుతుంది. అట్లాంటి బెల్టు లేకపోయినా ఒకటే. బోల్టు కింద క్రాస్ మెంబరో (నేల కింది అడ్డ దూలం), వెడల్పాటి స్టీలు ప్లేటో ఉండాల, ఉత్త వాషరు చాలదు. బెల్టు బోల్టుది సాధారణంగా 7/16 అంగుళాల యూఎన్ఎఫ్ అనే సన్న మర. సైజు దగ్గరుందని ఎం10 (10 మిల్లీమీటర్ల) బోల్టు దూర్చొద్దు.

కాణిపాకం_రూటు: బాగా చెప్పినారన్నా. మరి అడ్వాన్స్ ఇచ్చే ముందు మేం ఏం చూసుకోవాల?

బాడీషెడ్_తిరుపతి: సీటు వీపు పట్టుకుని గట్టిగా ఊపండి, కాళ్లు కదిలితే వద్దు. పట్టీ అంచు పీచు లేచిందా చూడండి. రీలు ఉన్నదయితే టక్కున లాగితే పట్టేయాల, మెల్లగా లాగితే రావాల. బకిల్‌లో చిల్లర, లడ్డూ పలుకులు ఇరుక్కుంటే క్లిక్ రాదు, ప్రతి సీటుదీ పెట్టి తీయండి.

ఘాట్_డ్యూటీ: నడుం బెల్టు తుంటి ఎముకల మీద ఉండాల, పొట్ట మీద కాదు. పొట్ట మీదుంటే గుద్దినప్పుడు పేగులకు దెబ్బ. గర్భిణులకు పొట్ట కింద. బండి బోల్తా పడితే మనిషి పైభాగం ఊగుతుంది గానీ మనిషి కిటికీలోంచి బయటికి పోడు. ఇంకోటి, మలుపుల్లో నడవలో నిలబడి పులిహోర పంచే పెద్దమనుషులను ముందు కూర్చోబెట్టండి.