గుణుపురం మట్టిదారిలో నియోబోల్ట్ నడుస్తుందా?

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. తాటిచెట్టు మీంచి పడ్డాక మా నాన్నకి నడుం కింద స్పర్శ లేదు. వీల్‌చైర్ ఉంది గానీ, వాన పడితే ముందున్న చిన్న చక్రాలు బురదలో దిగబడిపోతాయి. తమ్ముడు కుర్చీని వెనక్కి వంచి పెద్ద చక్రాల మీదే లాక్కొస్తాడు. నాన్న రెండు చేతులా పట్టీ పట్టుకుని కళ్లు మూసుకుంటాడు.

ఐఐటీ మద్రాస్ పరిశోధకులు 2021లో తెచ్చిన నియోబోల్ట్ గురించి చదివాను. కుర్చీకి ముందు తగిలిస్తే బ్యాటరీ బండి అయిపోతుందట, ఒక్క చార్జింగ్‌తో 25 కిలోమీటర్ల దాకా వెళ్తుందట. అది వాళ్ల నియోఫ్లై కుర్చీకే బిగుస్తుందా, మామూలు దానికీ పట్టిస్తారా? గతుకుల్లో వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని జాతీయ పునరావాస సంస్థకి వెళ్లినవాళ్లుంటే కూడా చెప్పండి, చూపించుకోవడం ఒక్కరోజులో అవుతుందా? నాన్నని రైల్లో అంతదూరం తీసుకెళ్లాలంటేనే టెన్షన్.