ఈ వారం సమస్య (ఇదే చివరి పాదంగా ఆటవెలది పద్యం పూరించాలి): మాట లేని పుటయె మాటలాడె

నిర్వాహకుడు: విషయం, స్నేహం మీద పిల్లల బొమ్మల పుస్తకం. భాషలోని కిటుకు ఏదో ఒకటి పట్టుకోండి. వెన్నెల, పాలూ నీళ్లూ లాంటి అరిగిన పోలికలు వద్దు.

పాలవెల్లి:
ఎలుక కప్ప చెలిమి యెడమైన పుటలోన
బొమ్మ తప్ప వెదుక పొల్లు లేదు
కప్ప వీపు చూడ కన్ను చెమ్మగిలెను
మాట లేని పుటయె మాటలాడె

చంపకం: అక్షరం అటుంచి, పొల్లు కూడా లేదట! భలే. ఏడుపు అనకుండా వీపు చూపారు. కింద "కప్పకు బాధేసింది" అని అచ్చువేస్తే ఆ వీపు దండగ.

గురులఘువు:
కాకి బొమ్మ చుట్టు కావుకావని నిండె
అరుపె యనుకొనంగ నర్థ మొలికె
ఉడుత యురిని తెంచె నొక కేక విన్నంత
మాట లేని పుటయె మాటలాడె

పాలవెల్లి: "కావుకావు" అని ఉన్న పుట మాట లేనిదెలా అవుతుందండీ?

గురులఘువు: అది అరుపు, ధ్వన్యనుకరణం. 'కాపాడు' అన్న అర్థం ఆనక తగులుతుంది. అందుకే కింది వరుసలో కాక బొమ్మలోనే పెద్దక్షరాలతో గీయాలి.

చంపకం: ఐదేళ్ల పిల్లకి 'కావు' అంటే 'అవి కావు' అనే తెలుసు. ముందు పుటల్లో ఎక్కడో ఉడుత చేత "నన్ను కావు" అనిపిస్తే గానీ పేలదు.

మత్తేభం:
నువ్వు నేను జట్టు నువ్వు నేనని యేడు
మార్లు వచ్చి పల్లవి మధ్య నాగె
ఎనిమిదవది బిడ్డ యెలుగెత్తి పూరించె
మాట లేని పుటయె మాటలాడె

గురులఘువు: రెండో పాదంలో అన్నీ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు-లఘువు) ఉండాలి. 'పల్లవి' భగణం (గురువు, రెండు లఘువులు), అది ఇంద్రగణం. సూర్యుల మధ్య ఇంద్రుడు వచ్చి కూర్చున్నాడు! 'పదము' అంటే సరి.

మత్తేభం: సవరించుకుంటాను. అన్నట్టు, గత వారం 'కి'కి 'గా'తో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) కుదిర్చింది తమరే కదూ? హల్లు కలిసింది, అచ్చు ఎటు పోయింది?

గురులఘువు: దానికి అప్పుడే చెంపలేసుకున్నాను.

పాలవెల్లి: గణం సరే, ఏడు మార్లు మరీ ఎక్కువ. 32 పుటల్లో పేరూ వివరాలూ పోగా మిగిలేవి 12–14 జోడుపుటలు (ఎదురెదురు పుటల జతలు). జోడు విడిచి జోడు పల్లవే అయితే కథకు చోటేదీ? మూడు చాలు, అదీ ఒక్క అక్షరం మారకుండా; మారితే బిడ్డ తడబడుతుంది. ఖాళీ పుట తిప్పాకే రావాలి. పల్లవికి ఎదురుగా కుడివైపు పెడితే ముందే కనబడిపోతుంది.

మత్తేభం: మూడంటే 'ఎనిమిదవది' పోయి యతి మళ్లీ వెతుక్కోవాలి.

చంపకం: వెతుకుడెందుకు? మొదటి పాదంలో 'మూడు' పెట్టి, ఇక్కడ "నాలుగవది బిడ్డ నవ్వుచు పూరించె" అనండి. అయితే ఆ ఖాళీలో బిడ్డ "నువ్వు నేను" అనదు, "మనం జట్టు" అంటుంది. 'మేము' అంటే వినేవాడు బయటే నిలబడతాడు, 'మనం' అంటే లోపలికి వచ్చేస్తాడు.

గురులఘువు: ఆ 'మనం'లో మత్తేభం గారు కూడా ఉన్నట్టేనా?